గోల్ఫ్ జీటీఐకి ఐఎస్38 టర్బో: 31,000 కిలోమీటర్లు నడిపాక

మూడో గేరు, 35 కిలోమీటర్ల వేగం, ముల్లు 1,700 ఆర్‌పీఎం దగ్గర. ముందున్న లారీ పక్కకు జరిగింది, దారి దొరికింది, యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజిన్ గొంతు మారింది గానీ బండి ముందుకు లాగలేదు. ఒకటి, రెండు, మూడు అని మనసులో అనుకునేలోపే దారి మూసుకుపోయింది. బ్రేక్ మీదకి కాలు మారుస్తున్నాను, సరిగ్గా అప్పుడు బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, ఒక్కసారిగా విరుచుకుపడింది. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని తోసే చక్రం. పెద్ద టర్బో బిగించిన మొదటి వారంలో ఇది రోజుకి నాలుగైదు సార్లు జరిగేది. అదే బండి అంతకు ముందు శనివారం డైనో మీద, అంటే బండి శక్తిని కొలిచే యంత్రం మీద, 372 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) చూపించింది. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్లో ఉంది.

బండి ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, ఆరు గేర్ల మాన్యువల్. ఇంజిన్ 1,984 సీసీ. కంపెనీ చెప్పే లెక్క 220 పీఎస్, టార్క్ (తిప్పే బలం) 350 న్యూటన్ మీటర్లు. ఈ 350 అనేది 1,500 ఆర్‌పీఎం దగ్గర మొదలై 4,400 దాకా బల్లపరుపుగా సాగుతుంది. ఈ ఇంజిన్‌కి ఐహెచ్‌ఐ వాళ్ళ ఐఎస్20 టర్బో వస్తుంది. అదే కుటుంబం ఇంజిన్‌తో వచ్చిన గోల్ఫ్ ఆర్‌లో దానికన్నా పెద్దదైన ఐఎస్38 ఉంటుంది. అక్కడ 300 పీఎస్, 380 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ మాత్రం 1,800 నుంచి. రెండు టర్బోలూ ఒకే చోట బిగుస్తాయి. అందుకే జీటీఐ ఉన్నవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు కన్ను ఐఎస్38 మీద పడుతుంది.

నాకు రోజూ వెళ్ళడానికి 26 కిలోమీటర్లు, రావడానికి 26. సగం ఆగుతూ కదులుతూ, సగం ఖాళీ రోడ్డు. వారంలో రెండు రోజులు మా చెల్లి ఇదే బండి తీసుకెళ్తుంది. ఇంట్లో ఇంకో కారు లేదు. ఈ సమీక్షలో నేను చెప్పే మంచీ చెడూ అన్నీ ఈ వాడకానికే కొలిచినవి. ట్రాక్ రోజులకే బండి పెట్టుకున్నవాళ్ళ అవసరం వేరు.

మొదటి ఏడాది పాత టర్బో మీదే స్టేజ్ 1 మ్యాప్‌తో, అంటే సామాన్లు మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చి, నడిపాను. 98 ఆక్టేన్ పెట్రోలుతో డైనోలో 296 పీఎస్, 415 న్యూటన్ మీటర్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే బండికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. కానీ 5,000 దాటాక ఊపిరి అందక టార్క్ గీత కిందకి వాలిపోయేది, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో అది తెలిసిపోయేది. 5,000 పైనున్న ఆ చివరి 1,500 ఆర్‌పీఎం మేర కోసమే పెద్ద టర్బోకి వెళ్ళాను. పైన ఏం వస్తుందో చాలా చదివాను. కింద, అంటే తక్కువ ఆర్‌పీఎంలో, ఏం పోతుందో మాత్రం ఎవరినీ అడగలేదు.

కింద పోయేదేమిటో లెక్క వేస్తే అర్థమవుతుంది. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. కంపెనీ లెక్కే తీసుకోండి: 350ని 4,400తో గుణించి భాగిస్తే 219, బ్రోచర్‌లో రాసిన అంకె దాదాపు అదే. ఇప్పుడు నా 35 కిలోమీటర్ల వేగానికి రండి. టర్బో ఇంకా అందుకోని క్షణంలో 2 లీటర్ల ఇంజిన్ తన సొంత ఊపిరితో ఇచ్చేది సుమారు 180 న్యూటన్ మీటర్లు. 1,700 దగ్గర అది 44 పీఎస్. నాకు ఆ సందులోకి దూరడానికి దొరికింది ఆ 44 మాత్రమే, 372 కాదు.

ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఏ ఆర్‌పీఎం దాటితే టర్బోకి చాలినంత పొగ అందుతుందనేది ఒకటి. తొక్కిన క్షణం నుంచి బూస్ట్ వచ్చేదాకా ఎంతసేపు పడుతుందనేది రెండోది. గోల్ఫ్ ఆర్‌లో 1,800కే 380 వస్తుందని కాగితం చెబితే అది అబద్ధం కాదు. కానీ ఆ కొలత పెడల్ నొక్కి పట్టి, టర్బోకి తిరగడానికి కావలసినంత వ్యవధి ఇచ్చి తీసినది. రోడ్డు మీద ఆ వ్యవధి మనకి ఎవరూ ఇవ్వరు. పైగా టర్బో చక్రం వ్యాసం కాస్త పెరిగినా దాన్ని తిప్పడానికి పట్టే శ్రమ అంతకన్నా చాలా ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి నేను అప్పటినుంచి ఒక్కటే కొలుస్తున్నాను: మూడో గేరు, 1,700, పెడల్ పూర్తిగా తొక్కితే 1 బార్ బూస్ట్ రావడానికి ఎన్ని సెకన్లు? పాత టర్బో, స్టేజ్ 1 మీద 1.1. ఐఎస్38, మొదటి మ్యాప్‌తో 2.6.

సెకనున్నర తేడాయే కదా అనిపించవచ్చు. రౌండ్‌అబౌట్ దగ్గర నిలబడి, వస్తున్న కారుకీ మనకీ మధ్య ఖాళీ చూసుకుని బయల్దేరేటప్పుడు ఆ సెకనున్నర ఎంత పొడుగుంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

మొదటి ట్యూనర్, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చే మెకానిక్, దీన్ని కప్పిపుచ్చడానికి పెడల్ మ్యాప్ మార్చాడు. ఈ బండ్లలో పెడల్‌కీ, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌కీ మధ్య తీగ లేదు. పెడల్ ఎంత నొక్కితే ఎంత టార్క్ అడిగినట్టో ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఒక పట్టిక ఉంటుంది. ఆయన 30 శాతం నొక్కితే చాలు, 60 శాతం అడిగినట్టు రాశాడు. వర్క్‌షాప్ చుట్టూ ఒక రౌండ్ వేస్తే పికప్ పెరిగినట్టే అనిపిస్తుంది. ట్రాఫిక్‌లోకి వెళ్తే కాలి బొటనవేలు కదిలినా బండి జర్క్ కొడుతుంది, పెడల్ పై సగం మాత్రం ఎంత తొక్కినా కొత్తగా ఏమీ ఇవ్వదు. రెండో రోజు సాయంత్రం మా చెల్లి తాళాలు టేబుల్ మీద పెట్టి, "అన్నయ్యా, దీన్ని నువ్వే నడుపుకో. నాకు పాత బండి ఇచ్చేసెయ్" అంది. నేను జవాబు చెప్పలేదు, ఆమె మాట తప్పు కాదు కాబట్టి.

తర్వాతి మూడు నెలలు చేసిన పనే ఈ సమీక్షలో అసలు భాగం. టర్బో అదే ఉంచాను. ట్యూనర్‌ని మార్చాను. ఈ రెండో ఆయన మొదటి రోజు డైనో జోలికే పోలేదు. ల్యాప్‌టాప్ తగిలించి పక్క సీట్లో కూర్చుని, నేను రోజూ వెళ్ళే దారిలాంటి దారిలో గంటన్నర నాచేతే నడిపించి లాగ్, అంటే ఇంజిన్ అంకెల రికార్డు, తీశాడు. ఎక్కడ గేరు మారుస్తాను, ఎక్కడ ఎంత తొక్కుతాను, ఏ ఆర్‌పీఎంలో ఎంతసేపు ఉంటాను, అన్నీ. నా డ్రైవింగ్‌లో ఎక్కువ భాగం 1,400కీ 3,200కీ మధ్యే గడుస్తోందని ఆ లాగ్ చూపించింది. 5,000 పైన నేనున్నది గంటన్నరలో పట్టుమని ఒక్క నిమిషం.

ఆయన మార్చినవి ఇవి. ముందుగా పెడల్ పట్టికను దాదాపు కంపెనీది ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చాడు, మొదటి పావు వంతు ఇంకాస్త మెత్తగా చేసి. తర్వాత వేస్ట్‌గేట్, అంటే పొగని టర్బో మీదకి పోనివ్వకుండా పక్కకి వదిలే తలుపు. ఈ ఇంజిన్‌లో వేస్ట్‌గేట్‌ని నడిపేది ఎలక్ట్రిక్ మోటారు, కాబట్టి బూస్ట్ లేనప్పుడు కూడా దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెట్టవచ్చు. తేలిగ్గా నడిపేటప్పుడు దాన్ని తెరిచి ఉంచితే ఇంజిన్‌కి ఊపిరి సులువు, మైలేజ్ కాస్త మెరుగు. మూసి ఉంచితే పొగంతా టర్బో మీదుగా పోయి చక్రం తిరుగుతూనే ఉంటుంది, తొక్కగానే అందుకుంటుంది. ఆయన 1,500 నుంచి 3,000 దాకా మూసే ఉంచాడు. నాకు వంద కిలోమీటర్లకి అర లీటరు పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఆ అర లీటరు నాకు బాధ లేదు.

మూడోది క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అనేది. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు క్యామ్‌షాఫ్ట్‌లనూ తిప్పుకోవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వులకి రెండు రకాల లిఫ్ట్ కూడా ఉంది. కింది ఆర్‌పీఎంలో రెండు వాల్వులూ కలిసి తెరుచుకుని ఉండే వ్యవధి పెంచితే, ఇటునుంచి వచ్చే గాలి అటునుంచి పొగని తోసేస్తుంది, టర్బోకి కూడా ఎక్కువ ప్రవాహం అందుతుంది. దీనికే ఆయనకి నాలుగు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. ప్రతిసారీ నేను వారం నడిపి లాగ్ పంపేవాణ్ణి. ఇప్పుడు అదే 1,700 పరీక్షలో 1.6 సెకన్లు వస్తోంది. స్టేజ్ 1 నాటి 1.1 మళ్ళీ రాలేదు, ఐఎస్38తో రాదు కూడా. ఈ మాట కొనబోయేవాళ్ళకి ఎవరో ఒకరు ముందే చెప్పాలి.

పైన మాత్రం ఆయన కోత పెట్టాడు. 372 కాస్తా 341 అయింది. గరిష్ఠ టార్క్ 470 నుంచి 430కి దిగింది. మొదటి గేరులోనూ రెండో గేరులోనూ ఇంకా తక్కువ, 340 దాటకుండా పరిమితి. ముందు చక్రాలతో నడిచే బండికి రెండో గేరులో 470 ఇస్తే స్టీరింగ్ చేతిలో గుంజుతుంది, చక్రాలు గీరుకుంటాయి, ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోసేస్తుంది. చివరికి రోడ్డు మీదకి చేరేది 340తో చేరేదానికన్నా తక్కువే. తడి రోడ్డు మీద ఈ తేడా పగటికీ రాత్రికీ ఉన్నంత.

కింద టార్క్ కావాలి కదా అని 1,500 దగ్గరే 430 పోసేయమని నేను అడిగాను. ఆయన ససేమిరా అన్నాడు. తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ మెల్లగా కదులుతుంది. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి మరీ పెంచితే స్పార్క్ కంటే ముందే మంట అంటుకునే ప్రమాదం ఉంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లన్నిటికీ ఇది తెలిసిన బాధే. ఒక్కసారి గట్టిగా జరిగితే పిస్టన్ పగలవచ్చు, కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. అందుకే టార్క్‌ని 2,000 నుంచి 2,900 దాకా ఏటవాలుగా ఎక్కించాడు. నేను కూడా 60 వేగంలో ఆరో గేరు వేసి నిండుగా తొక్కడం పూర్తిగా మానేశాను. అక్కడ ఆర్‌పీఎం 1,450 చుట్టూ ఉంటుంది, సరిగ్గా తొక్కకూడని చోటు. ఒక గేరు దించితే పని జరుగుతుంది. ఆయిల్ కొనేటప్పుడు కంపెనీ చెప్పిన గ్రేడుతో పాటు ఏపీఐ ఎస్‌పీ ముద్ర కూడా చూస్తున్నాను. 2020లో వచ్చిన ఆ ప్రమాణంలో ఈ ముందస్తు మంటకి ప్రత్యేకంగా ఒక ఇంజిన్ పరీక్ష ఉంది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లో నాకు సాబ్ 99 టర్బో పదే పదే గుర్తొచ్చేది. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో 170 పీఎస్‌తో వచ్చింది, 1975లో పోర్షె 911 టర్బో 260తో. రెండింటికీ కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క) 7 కన్నా తక్కువ, అంటే బూస్ట్ రానంతసేపూ ఇంజిన్‌లో జీవం తక్కువ. ఆ తర్వాత 1977లో సాబ్ వాళ్ళు చూపించిన బండికి ఉన్నది 145 పీఎస్ మాత్రమే. చిన్న టర్బో పెట్టి, మిగులు పొగని వేస్ట్‌గేట్‌తో పక్కకి పంపి, మామూలు మనిషి మామూలు రోడ్డు మీద నడిపే ఆర్‌పీఎంలోనే టార్క్ అందేలా చేశారు. ఈనాడు రోడ్డు మీద తిరిగే టర్బో కార్లు చాలావరకు నడుస్తున్నది ఆ దారిలోనే. నా జీటీఐలో కంపెనీ పెట్టిన ఐఎస్20 కూడా అదే ఆలోచన. దాన్ని తీసి పక్కన పెట్టేటప్పుడు ఈ సంగతి నాకు ఇంతగా తట్టలేదు.

క్లచ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కంపెనీ క్లచ్ 350 న్యూటన్ మీటర్ల కోసం చేసింది. స్టేజ్ 1తోనే నాలుగో గేరులో జారడం మొదలుపెట్టింది. అది దాని తప్పు కాదు, నేను దానికి మోయలేని బరువిచ్చాను. మొదట గట్టి స్ప్రింగు క్లచ్, దానితో పాటు తేలికైన సింగిల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకునే చక్రం, ఒకే ముక్కది) వేయించాను. ఇంజిన్ చకచకా రేగేది, నిజమే. కానీ న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ డబ్బాలో బోల్టులు వేసి ఊపినట్టు చప్పుడు. కంపెనీ ఫ్లైవీల్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో స్ప్రింగులుంటాయి, ఇంజిన్ అదురుని మింగడానికి. అది తీసేస్తే ఆ అదురంతా గేర్లలోకి వెళ్తుంది. పెడల్ కూడా ఎంత బరువంటే, ఆగుతూ కదిలే దారిలో నలభై నిమిషాలకి ఎడమ మోకాలు నొప్పి పుట్టేది. ఆరు నెలలు భరించి, మళ్ళీ డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌కే వచ్చేశాను. ప్రెషర్ ప్లేట్ మాత్రం గట్టిది, డిస్క్ మామూలు ఆర్గానిక్ లైనింగ్. తయారీదారు లెక్క ప్రకారం 500 న్యూటన్ మీటర్లు మోస్తుంది. పెడల్ కంపెనీదానికన్నా కొద్దిగా బరువు, అంతే. ఈ సామాన్లన్నిటిలో నేను రెండోసారి కూడా మొదటే కొనేది ఇదే.

రెండు ముందు చక్రాలకీ శక్తిని పంచే డిఫరెన్షియల్ దాని తర్వాత. ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే లిమిటెడ్ స్లిప్, అందులో హెలికల్ గేర్ల రకం, వేయించాను. ప్లేట్ల రకం ఇంకా గట్టిగా పట్టుకుంటుందంటారు, కానీ దానికి చప్పుడూ ఉంటుంది, ఆయిల్ మార్చే పనీ ఎక్కువ. హెలికల్ రకం నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుపోతుంది. మలుపు మధ్యలో తొక్కితే బండి బయటికి జారకుండా లోపలికే తిరుగుతుంది. పవర్ ఒక్క పీఎస్ పెరగలేదు, వాడుకోగలిగిన పవర్ పెరిగింది.

టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది వేశాను. దాని లాభం డైనో కాగితంలో కన్నా ట్రాఫిక్ తర్వాత తెలుస్తుంది. పాతదానితో అరగంట ఆగుతూ కదులుతూ వచ్చాక ఖాళీ రోడ్డెక్కితే లోపలికి పోయే గాలి 60 డిగ్రీలు దాటి ఉండేది. ఇంజిన్ నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలడం) భయంతో స్పార్క్ టైమింగ్‌ని 4, 5 డిగ్రీలు వెనక్కి లాక్కునేది. అంటే కాగితం మీదున్న పవర్ వేడి రోజున బండిలో లేనట్టే. ఇప్పుడు అదే పరిస్థితిలో 45 దగ్గర ఉంటోంది.

సైలెన్సర్ విషయంలో తొందరపడ్డాను. నేను మొదట వేసినది 2,400 ఆర్‌పీఎం దగ్గర గుయ్యిమని మోగేది. ఆరో గేరులో 2,400 అంటే సరిగ్గా 100 వేగం. రెండు గంటల ప్రయాణం తర్వాత దిగితే చెవుల్లో ఆ మోత ఇంకా వినిపించేది. మధ్యలో మోతని తగ్గించే డబ్బా, రెసొనేటర్, ఇంకొకటి వెల్డింగ్ చేయించాక తగ్గింది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాత్రం తీయలేదు, తీయను. వెనకాల వచ్చేవాళ్ళు పీల్చే గాలి అది. ఇంజిన్ మౌంట్లు గట్టివి వేయమని చాలామంది చెప్పారు. వేయించి, ఏసీ ఆన్‌లో సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణకడం చూసి, వారంలో కంపెనీవే పెట్టించాను.

ఇంతకీ ఐఎస్38 కొనమంటానా? రోజూ 3,500 పైన నడిపే దారులున్నవాళ్ళు, ఇంకో కారు కూడా ఉన్నవాళ్ళు ధైర్యంగా వెళ్ళవచ్చు. టర్బో మంచి వస్తువు. మూడో గేరులో 4,000 నుంచి 6,500 దాకా అది లాగే తీరు నాకు ఇప్పటికీ గుండె నింపుతుంది. ఒకే బండితో ఆఫీసూ ఇల్లూ నడిచేవాళ్ళకి నా మాట: ఐఎస్20నే ఉంచండి. మంచి స్టేజ్ 1 మ్యాప్, ఇంటర్‌కూలర్, క్లచ్, డిఫరెన్షియల్, మంచి టైర్లు వేయండి. 5,000 పైన కొంచెం తగ్గుతుంది. మిగతా అంతటా నా బండికన్నా చురుగ్గా ఉంటుంది.

ట్యూనర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు గరిష్ఠ పీఎస్ ఎంతిస్తారని అడగకండి. 2,000 దగ్గర సగం పెడల్‌తో ఎలా ఉంటుందో, వేడి రోజున మూడోసారి తొక్కినప్పుడు టైమింగ్ ఎంత కోస్తుందో, గేరు గేరుకీ పరిమితి పెడతారో లేదో అడగండి. వీటికి లాగ్ తెరిచి చూపిస్తూ జవాబు చెప్పే మనిషికే బండి అప్పగించండి.

పోయిన నెల నేను ఊళ్ళో లేనప్పుడు మా చెల్లి అడక్కుండానే తాళాలు తీసుకుని అయిదు రోజులు బండి నడిపింది. వచ్చాక ఏమైనా ఇబ్బందా అని అడిగితే, "ఏముంటుంది?" అని నావంక వింతగా చూసింది. ఆ రాత్రి లాగర్ తీసి చూశాను. పెడల్ 42 శాతం దాటలేదు, బూస్ట్ ఎక్కడా 0.6 బార్ మించలేదు, ఒక్కసారి కూడా ఇంజిన్ ఆగిపోలేదు. నాలుగు సిలిండర్లలోనూ టైమింగ్ కోత సున్నా.